సేవకు వెళ్తున్నారా? చేతిలో ఓ నోటుబుక్కు ఉండనివ్వండి

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

స్వచ్ఛంద సంస్థల్లో పనిచేయడం, ఇంటర్న్‌షిప్పులు చేయడం గురించి గోదావరి జిల్లాల నుంచి ఈసారి ఉత్తరాలు బాగా వచ్చాయి. ఒకే విషయం అడిగినవి కలిపేసి, ఐదింటికి జవాబులు ఇస్తున్నాం.

*ప్రశ్న: డిగ్రీ మొదటి ఏడాది అయ్యాక కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు 180 గంటలు చేయాలన్నారు. మా సీనియర్లు పాత రిపోర్టులో ఊరి పేరు మార్చి ఇచ్చేశామంటున్నారు. నేను నిజంగానే చేద్దామనుకుంటున్నాను. ఏదైనా సంస్థతో కలిసి చేయొచ్చా? ఏ అంశం తీసుకోవాలి?*
– డిగ్రీ విద్యార్థిని, అమలాపురం

చేయొచ్చు. 180 గంటలంటే రోజుకు ఆరు గంటల చొప్పున ముప్పై రోజులు. ముందు ఊరి సర్వే, తర్వాత అవగాహన కార్యక్రమం, ఆపైన అసలు ప్రాజెక్టు, చివర రిపోర్టు. లాగ్‌బుక్ ఏ రోజుది ఆ రోజే రాయాలి. ఎన్ఎస్ఎస్ క్యాంపులో చేసిన పనిని ఇందులో చూపిస్తామంటే కుదరదు, రెండూ వేరు. సంస్థ దగ్గరికి వెళ్లేముందు మీ మెంటర్‌కు చెప్పి, కాలేజీ లెటర్ తీసుకెళ్లండి. ఉత్త చేతులతో వెళ్తే "రేపు రండి" అంటారు.

చాలామంది బోల్తా పడేది అంశం దగ్గరే. "పర్యావరణం", "మహిళా సాధికారత" అని పెట్టుకుంటే నెల తిరిగేసరికి నాలుగు ఫొటోలు, ఒక ఫ్లెక్సీ మిగులుతాయి. కొలవగలిగేది, నడిచి వెళ్లగలిగేది తీసుకోండి. ఒకటి చెబుతాం: కుళాయి నీళ్లలో క్లోరిన్ చివరి ఇంటిదాకా అందుతోందా?

డెల్టాలో చాలా ఊళ్లు తాగేది కాలవ నీరే. దాన్ని చెరువులో నింపి, వడకట్టి, ట్యాంకుకెక్కించి, క్లోరిన్ కలిపి వదులుతారు. వేసవిలో కాలవలు కట్టేశాక చెరువు అడుగంటేకొద్దీ నీళ్లు మురికి తేలతాయి. ఆ మురికికే క్లోరిన్ ఖర్చయిపోతే పైపు చివర ఏమీ మిగలదు. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలన్నది ప్రమాణం.

నలభై ఇళ్లు ఎంచుకోండి. ట్యాంకు దగ్గర పది, మధ్యలో పది, పైపు చివర ఇరవై. చివర ఎక్కువెందుకంటే తేడా వచ్చేది అక్కడే. ఒక్కో ఇంట్లో వారానికోసారి, మూడు వారాలు పరీక్షిస్తే 120 అంకెలు చేతిలో ఉంటాయి. పరీక్ష పెట్టెను క్లోరోస్కోపు అంటారు. పంచాయతీలోనో, ఆరోగ్య సిబ్బంది దగ్గరో అడగండి, సంస్థవాళ్లతో అడిగిస్తే తొందరగా ఇస్తారు. కుళాయి ఒక నిమిషం వదిలి, గాజు గొట్టాన్ని అదే నీటితో రెండుసార్లు తొలిచి, గీత దాకా నింపి, కిట్ మీద చెప్పినన్ని చుక్కలు వేయాలి. కిట్‌లోని మందు ఆర్థోటోలిడిన్ అయితే పసుపు రంగు వస్తుంది, డీపీడీ అయితే గులాబీ. ఆ రంగును పక్కనున్న రంగులతో పోల్చి అంకె రాసుకోవాలి.

ఇక్కడే రెండు తప్పులు జరుగుతాయి. ఆర్థోటోలిడిన్ వేశాక పది సెకన్లలోపే రంగు చూడాలి. కబుర్లలో పడి పావుగంట తర్వాత చూస్తే ఇతర పదార్థాలతో కలిసిపోయిన క్లోరిన్ కూడా రంగు తేలి, అంకె ఉన్నదానికన్నా ఎక్కువ కనిపిస్తుంది. రెండోది, నీళ్లు సీసాలో పట్టి ఇంటికి తెచ్చి తీరిగ్గా చూడటం. దారిలోనే క్లోరిన్ తగ్గిపోతుంది. కుళాయి దగ్గరే నిలబడి చూడాలి. ఆ మందు చేతికి తగలనివ్వొద్దు, పరీక్షించిన నీళ్లు తాగే బిందెల దగ్గర పారబోయొద్దు. కుళాయి అంకె ఒక గడిలో, బిందెలో నిలవున్న నీటి అంకె పక్క గడిలో రాయండి. కలిపేస్తే ఏది ఎక్కడ తగ్గిందో తేలదు.

సర్వే ప్రశ్నల్లో "మీ నెల ఆదాయం ఎంత?" అన్నది తీసేయండి. రైస్ కార్డు పోతుందేమోనన్న భయంతో నిజం చెప్పరు, చెప్పలేదని వాళ్లను తప్పుపట్టడానికీ లేదు. బదులుగా గత వారం ఇంట్లో ఎంతమంది ఎన్ని రోజులు పనికి వెళ్లారో అడగండి. వేళ కూడా చూసుకోవాలి. కొబ్బరి దింపు, వలుపు కార్మికులు తెల్లారకముందే వెళ్లిపోతారు, ఊడ్పుల రోజుల్లో ఆడవాళ్లూ పొద్దున్నే చేలో ఉంటారు. సాయంత్రం ఐదు తర్వాత వెళ్తే మనుషులు దొరుకుతారు. ఇంకో మాట: గడపలో నిలబడి "వాలంటీర్‌నండి" అనకండి. 2024 దాకా పింఛను ఇంటింటికీ తెచ్చిచ్చింది ప్రభుత్వ వాలంటీర్లే కాబట్టి, మన ఊళ్లలో ఆ మాట వినగానే "పింఛను గురించా అమ్మా?" అని అడుగుతారు. ఏ కాలేజీయో, ఏ సంస్థ తరఫునో చెప్పి, ఎందుకు వచ్చారో ఒక్క వాక్యంలో చెప్పండి.

చివరికి ఒకే ఒక్క కాగితం తయారు చేసి గ్రామ సచివాలయంలో ఇవ్వండి. అందులో ఏ వీధి, ఏ తేదీ, ఎంత ఉన్నదీ ఉంటే చాలు. నలభై పేజీల రిపోర్టు కాలేజీకి ఇవ్వొచ్చు.

*ప్రశ్న: మొన్న వరదలప్పుడు మా కుర్రాళ్లం లంకలకు (గోదావరి మధ్యలోని ఊళ్లకు) సాంబారన్నం పొట్లాలు తీసుకెళ్లాం. సగం పాడైపోయాయి, సగం మిగిలిపోయాయి. ఈసారి ఏం చేయాలి?*
– యువజన సంఘం, రాజోలు మండలం

సాంబారన్నం వద్దు. వేడిగా ప్లాస్టిక్ కవర్లో కడితే ఆవిరి లోపలే నీరై, రేవు దాటేలోపే పులుస్తుంది. పులిహోర చేయండి. చింతపండు పులుసు ఉన్నది కాస్త నిలుస్తుంది. అన్నం పళ్లెంలో పరిచి ఆరబెట్టి, కలిపి, అరిటాకులోనో కాగితంలోనో కట్టండి. వండినప్పటి నుంచి నాలుగు గంటల్లో తినేవాళ్ల చేతికి అందాలి. కిలో బియ్యానికి పెద్దవాళ్ల పొట్లాలు ఏడెనిమిది వస్తాయి. వందమందికి 13 కిలోలు పోయండి.

మిగిలిపోవడానికి అసలు కారణం వేరు. ఎవరింట్లో ఎంతమంది ఉన్నారో తెలియకుండా వెళ్లారు. ఆ జాబితా వరదలో రాసేది కాదు, మే, జూన్‌లోనే రాసుకోవాలి. ఒక్కో ఇంటికి ఒక్కో వరుస: పెద్దలు ఎంతమంది, ఐదేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, మంచం దిగలేనివాళ్లు, రోజూ వేసుకునే మందులు, పశువులు ఎన్ని, ఫోను నంబరు, వరద వస్తే ఎక్కడికి వెళ్తారు. రెండు ప్రతులు తీసి ఒకటి ఒడ్డున, ఒకటి పడవలో ఉంచాలి. ఫోన్లో మాత్రమే ఉంటే చార్జింగుతోపాటే జాబితా కూడా పోతుంది. ఇందులో మనుషుల జబ్బుల వివరాలు ఉంటాయి కాబట్టి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి.

పశువుల గడి ఎందుకంటే, ఇల్లు వదిలి రమ్మన్నా కొందరు కదలకపోవడానికి కారణం గేదెలే. పొట్లాలతోపాటు వరిగడ్డి తీసుకెళ్లండి. మేత దొరుకుతుందని తెలిస్తే గట్టు మీదికి తోలుకొచ్చేవాళ్లున్నారు. చంటిపిల్లలకని డబ్బా పాలపొడి పంచొద్దు. మంచి నీళ్లు లేనిచోట దాన్ని కలిపితే విరేచనాలు పట్టుకుంటాయి. శానిటరీ నాప్కిన్లు, దోమల చుట్టలు, టార్చిలైట్లు, క్లోరిన్ బిళ్లలు పనికొస్తాయి. 0.5 గ్రాముల బిళ్ల మామూలుగా 20 లీటర్లకు సరిపోతుంది, అయినా రేపర్ చదవండి, బిళ్లల బలం ఒకేలా ఉండదు. బురద నీళ్లలో నేరుగా వేస్తే పనిచేయదు. ముందు పటికతో తేర్చి, గుడ్డతో వడకట్టి, తర్వాత బిళ్ల వేసి అరగంట ఆగాలి. ఈ మాట పంచేటప్పుడే నోటితో చెప్పాలి. రేపర్ మీద చదువుకుంటారనుకోవద్దు.

ఎప్పుడు కదలాలో ధవళేశ్వరం బ్యారేజీ దగ్గరి నీటిమట్టమే చెబుతుంది. 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. మొదటిది రాగానే జాబితా బయటికి తీయండి. కనకాయలంక కాజ్‌వే (నదీపాయ మీద తక్కువ ఎత్తులో వేసిన దారి) లాంటివి తొందరగా మునుగుతాయి, ఆ తర్వాత పడవే దిక్కు. తహశీల్దారు కార్యాలయానికి చెప్పకుండా సొంతంగా పడవ వేయకండి. లైఫ్‌జాకెట్ ఎన్ని ఉంటే అంతమందే ఎక్కాలి. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర పడవ మునిగాక కూడా "మనకేం కాదులే" అని జాకెట్టు పిరుదుల కింద వేసుకుని కూర్చునేవాళ్లు కనిపిస్తూనే ఉన్నారు. ఈత వచ్చినవాడికీ వరద గోదావరి వేరు. రెండో హెచ్చరిక దాటాక కుర్రాళ్లు ఒడ్డునే ఉండి వంట, పొట్లాలు, లెక్కలు చూసుకుంటే చాలు. పడవ పని అందులో శిక్షణ ఉన్నవాళ్లది.

*ప్రశ్న: రిటైరయ్యాను. వారానికి రెండు సాయంత్రాలు పిల్లలకు చదువు చెబుతానని ఓ సంస్థకు వెళితే పోలీసు వెరిఫికేషన్ తెమ్మన్నారు. ముప్పై ఏళ్లు బడిలో చెప్పినవాణ్ని, చిన్నతనంగా అనిపించింది.*
– విశ్రాంత ఉపాధ్యాయుడు, పాలకొల్లు

మాస్టారూ, మిమ్మల్ని అడిగారంటే ఆ సంస్థ మంచిదని అర్థం. అడగనిచోటికే వెళ్లకూడదు. పిల్లలతో పనిచేసేచోట నియమాలు అందరికీ ఒకటే: ఏ పెద్దమనిషీ ఒక్క పిల్లతో తలుపేసిన గదిలో ఉండకూడదు, ఇంటికి దింపుతానని బండెక్కించుకోకూడదు, పిల్లల ఫొటోలు సొంత ఫోన్లో తీయకూడదు. అనుమానం వస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోను చేయొచ్చు. పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసీ చెప్పకపోవడం పోక్సో చట్టం కింద నేరమే.

చదువు సంగతికి వస్తే, మీకు చెప్పేటంతవాళ్లం కాదు గానీ ఒక మాట. బడిలో తరగతిని బట్టి కూర్చోబెట్టడం అలవాటు. ఇక్కడ చదవగలిగినదాన్ని బట్టి కూర్చోబెట్టండి. మొదటి రోజు ఒక్కొక్కరి చేతా నాలుగు చదివించండి: అక్షరాలు, చిన్న పదాలు, నాలుగు వాక్యాల పేరా, ఒక చిన్న కథ. ఎక్కడ ఆగితే అదే ఆ పిల్లాడి గుంపు. మన పిల్లలు ఎక్కువగా ఆగేది ఒత్తుల దగ్గర. "పుస్తకం"ను "పుసకం" అని చదివే ఐదో తరగతివాడికి పాఠం చెప్పి లాభం లేదు, నెలరోజులు ఒత్తులే చదివించాలి. గుంపుకు పన్నెండుమంది దాటనివ్వకండి. నెలకోసారి అదే పరీక్ష పెట్టి, పేరు పక్కన తేదీతో రాసుకోండి.

*ప్రశ్న: ఇంటర్న్‌షిప్పుకు రిజిస్ట్రేషన్ ఫీజని 3,000 రూపాయలు అడిగారు. సర్టిఫికెట్ గ్యారంటీ అన్నారు. ఇవ్వొచ్చా?*
– బీటెక్ విద్యార్థి, భీమవరం

ఇవ్వొద్దు. పని చేసేవాడి దగ్గర ఎదురు డబ్బు తీసుకునేది ఇంటర్న్‌షిప్పు కాదు, సర్టిఫికెట్ అమ్మకం. వెళ్లేముందు సంస్థ సొసైటీగానో, ట్రస్టుగానో, సెక్షన్ 8 కంపెనీ (లాభాపేక్ష లేని కంపెనీ)గానో రిజిస్టరయిందా చూడండి. నీతి ఆయోగ్‌వారి దర్పణ్ పోర్టల్లో జిల్లా పేరు పెట్టి వెతకొచ్చు. గత ఏడాది ఆడిట్ రిపోర్టు చూపించమనండి. అడిగితే ముఖం మాడ్చుకునే చోట నెల రోజులు పనిచేయడం కష్టమే. సర్టిఫికెట్ మీద తేదీలు, మొత్తం గంటలు, చేసిన పని, మీ పని చూసినవారి పేరు, ఫోను నంబరు ఉండాలి. "చురుగ్గా పాల్గొన్నారు" అని మాత్రమే ఉంటే ఇంటర్వ్యూలో ఎవరూ రెండోసారి చూడరు. స్టైపెండ్ లేకపోయినా దారి ఖర్చులు అడగడంలో తప్పు లేదు. నరసాపురం నుంచి సఖినేటిపల్లికి పంటు (రేవు దాటించే పెద్ద పడవ) మీద రోజూ అటూ ఇటూ తిరిగితే నెలకు బాగానే అవుతుంది.

*ప్రశ్న: మాది చిన్న సంస్థ. వేసవిలో ఒకేసారి ఇరవైమంది ఇంటర్న్‌లు వస్తారు, మూడో వారానికి ఐదుగురు మిగులుతారు. వాళ్లకు ఏ పని ఇవ్వాలో తెలియడం లేదు.*
– ఓ సంస్థ కార్యదర్శి, నరసాపురం

ఇరవైమందిని తీసుకోకండి. ఒక సిబ్బంది చూసుకోగలిగేది నలుగురైదుగురినే. పోస్టర్లు అతికించడం, అతిథులకు కుర్చీలు వేయడం ఇచ్చారు కాబట్టే వెళ్లిపోతున్నారేమో కూడా చూడండి. వచ్చిన మొదటి రోజే ఒక్కొక్కరికి ఒక్కో రిజిస్టరు అప్పగించండి. ఒకరికి మందుల స్టాకు, ఒకరికి సాయంత్రం బడి హాజరు, ఒకరికి లంక ఇళ్ల జాబితా సరిచూడటం. రెండు వారాల్లో పూర్తయ్యే ముక్కలుగా ఇవ్వండి, మూడో వారంలో మానేసినా చేసిన ముక్క నిలబడుతుంది. డేటా ఎక్కించే పనిలో రోజుకు పది కాగితాలు తీసి కంప్యూటర్లో ఉన్నదానితో పోల్చి చూడండి. వయసు గడిలో పుట్టిన సంవత్సరం, ఫోను నంబరులో తొమ్మిది అంకెలు, ఒకే మనిషి రెండు ఇంటిపేర్లతో రెండుసార్లు, ఇవే ఎక్కువగా దొరుకుతాయి.

వెళ్లిపోయే ముందు రోజు ఒక పూట కేవలం అప్పగింతకే పెట్టండి. ఎంతవరకు చేశారు, ఏ ఇల్లు తాళం వేసి ఉంది, ఎవరిని మళ్లీ వచ్చి కలుస్తామన్నారు, కిట్టూ తాళాలూ ఎక్కడున్నాయి అన్నవి ఒక పేజీలో రాయించి సంతకం తీసుకోండి. "మళ్లీ వస్తామన్న ఇళ్లు" అన్న వరుస మాత్రం ఖాళీగా వదలనివ్వకండి. ఆ ఇళ్లకు ఎవరూ వెళ్లకపోతే వచ్చే ఏడాది ఆ వీధిలో తలుపు తీసేవాళ్లుండరు.