పులి లేని అడవికి మార్కులెలా వేస్తారు?

ప్రశ్న: మాది మంచిర్యాల. పక్కనున్న కవ్వాల్ టైగర్ రిజర్వులో 2022 లెక్కల్లో ఒక్క పులీ తేలలేదు. అయినా దానికీ నిర్వహణ మార్కులు వేశారట. పులే లేనప్పుడు దేనికండీ ఈ మార్కులు?

జవాబు: మీ బాధ నాకూ ఉంది. అయితే ఈ మార్కులు పులుల లెక్కను ఒక్కదాన్నే చూసి వేసేవి కావండి. జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ, డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థ కలిసి 2006 నుంచి సుమారు నాలుగేళ్లకోసారి ఈ మదింపు చేయిస్తున్నాయి. బయటి నిపుణుల బృందం వచ్చి ప్లాను ఉందా, సిబ్బంది ఖాళీలెన్ని, డబ్బు టైముకు వస్తోందా, గస్తీ ఎలా ఉంది, ఊళ్లవాళ్లతో సంబంధాలెలా ఉన్నాయి, జంతువులు పెరుగుతున్నాయా అని చూసి, ఒక్కో అంశానికి 2.5 నుంచి 10 దాకా వేస్తుంది. 2022లో 51 రిజర్వుల్లో కేరళలోని పెరియార్ 94.38 శాతంతో ముందుంది.

నాకు నచ్చనిది ఒకటుంది. ప్లాను బాగా రాసుకున్నారా అన్నదానికీ పదే, వన్యప్రాణులు పెరిగాయా అన్నదానికీ పదే! జంతువులకు సంబంధించిన అంశాలకు ఎక్కువ బరువు ఇవ్వాలని నా గట్టి అభిప్రాయం. పైగా డబ్బు ఆలస్యమైనా, పోస్టులు ఖాళీగా ఉన్నా తగ్గేది రిజర్వు మార్కులే, ఆ రెండూ అక్కడి ఫీల్డ్ డైరెక్టర్ చేతిలో ఉండేవి కాకపోయినా.

కవ్వాల్ సంగతికొస్తే, మహారాష్ట్ర తడోబా వైపు నుంచి పులులు ప్రాణహిత దాటి వస్తూనే ఉన్నాయి, కాకపోతే ఎక్కువగా కాగజ్‌నగర్ అడవుల్లోనే ఆగిపోతున్నాయి, అది రిజర్వు హద్దుకు బయట. 2024 జనవరిలో రెండు పులులు చనిపోయింది కూడా అక్కడే. లోపల ఎంత బాగా కాపాడినా, మధ్యలో రోడ్లు, కరెంటు తీగల ఉచ్చులు ఉంటే పులి కోర్ ఏరియా దాకా ఎలా వస్తుంది చెప్పండి? ఆ దారిని కాపాడటం ఒక్క రిజర్వు అధికారుల వల్ల అయ్యే పని కాదు, రెండు రాష్ట్రాలూ కలిసి చేయాలి.

మీరు ఈ మదింపు నివేదిక తెరిస్తే శాతం దగ్గర ఆగకండి. ప్రతి రిజర్వుకూ బలాలు, లోపాలు, చేయాల్సిన పనులు విడిగా రాస్తారు. 2018 లోపాల జాబితానూ 2022 జాబితానూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. రెండింటిలోనూ ఉన్న లోపాలేమిటో రాసుకుని, వాటి మీద ఏం చేశారని ఆర్టీఐ పెట్టి అడగండి.