టైగర్‌కు కాపలా ఎవరు?

ప్రశ్న: మాది జగిత్యాల దగ్గర ఓ ఊరు. మా ఆయన దుబాయ్‌లో పని చేస్తారు. ఊరి చివర కట్టుకున్న కొత్త ఇంట్లో నేను, అత్తమ్మ, తొమ్మిదేళ్ల బాబు, నాలుగేళ్ల పాప ఉంటాం. పక్కింట్లో దొంగలు పడ్డాక మా ఆయన సెలవులో వచ్చి రాట్‌వీలర్ పిల్లను కొనిచ్చి వెళ్లారు. ఇప్పుడు టైగర్‌కు 11 నెలలు, 40 కిలోలు. పగలంతా గేటు పక్కన గొలుసుతో ఉంటుంది. అత్తమ్మ చేతికర్ర చూస్తే గుర్రుమంటుంది. మొన్న బాబు స్నేహితుడి చొక్కా పట్టి లాగింది. అప్పట్నుంచి పిల్లలెవరూ మా ఇంటికి రావడం లేదు. ఎవరికైనా ఇచ్చేద్దామంటే, 'కోపం ఉన్న కుక్కే కదా కావాల్సింది, ఊరికే టెన్షన్ పడకు' అంటారాయన. ఈ జాతిని ప్రభుత్వం నిషేధించిందని కూడా విన్నాను. ఏం చేయను?

జవాబు: ముందు ఆ అబ్బాయి సంగతి. చొక్కా లాగినప్పుడు ఒంటి మీద చిన్న గీత పడిందేమో అడిగి తెలుసుకోండి. పడి ఉంటే ఇవాళే ఆస్పత్రికి తీసుకెళ్లండి. 'టైగర్‌కు టీకా వేయించాం కదా' అని ఊరుకోవద్దు. ఇకపై ఎవరికి పన్ను తగిలినా వెంటనే పదిహేను నిమిషాలు సబ్బు నీళ్లతో కడిగి, ఆ తర్వాత డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

మీది ఊరికే పడే టెన్షన్ కాదమ్మా. 40 కిలోల జంతువును మీ చేతికిచ్చి ఆయన విమానం ఎక్కారు. దూరాన ఉన్నవాళ్ల భయం నాకు అర్థమవుతుంది. అర్ధరాత్రి ఫోన్ మోగితే గుండె ఆగినంత పనవుతుంది వాళ్లకు. కుక్క ఉందిలే అనుకుంటే ఆయనకు నిద్ర పడుతోంది. మీ నిద్ర మాత్రం పోయింది.

రాట్‌వీలర్‌ను జర్మనీలోని రాట్‌వైల్ ఊరి కసాయివాళ్లు పెంచేవారు. పశువులను తోలడానికి, బండి లాగడానికి, సొత్తుకు కాపలా కాయడానికి వాడేవారు. సంతలో వందమంది మధ్య యజమాని మాట విని నడవాల్సిన కుక్క అది. ఎవరిని చూసినా మీద పడేదైతే వాళ్లకు ఒక్క రోజు కూడా పనికొచ్చేది కాదు. ఇలాంటి కుక్కకు కొత్త మనుషులు, కర్రలు, సైకిళ్లు మామూలే అని తెలియాల్సింది మూడో వారం నుంచి పధ్నాలుగో వారం లోపు. టైగర్ ఆ రోజుల్లో చాలావరకు గొలుసుకే ఉండి ఉంటుంది. గేటు దగ్గర కట్టేస్తే వచ్చే ప్రతి మనిషీ కనిపిస్తాడు, కానీ వాసన చూసి ఎవరో తెలుసుకునే వీలు ఉండదు, తప్పుకునే దారీ ఉండదు. అరవడమొక్కటే మిగులుతుంది. అలాంటి కుక్కకు దొంగకూ మీ బాబు స్నేహితుడికీ తేడా తెలియదు. మీ ఆయనకు ఈ మాటే చెప్పండి: ఇది కాపలా కుక్క కాలేదు, భయపడ్డ కుక్క అయింది.

ఒంట్లో నొప్పి ఉన్నా గుర్రుమంటుంది. అందుకని ముందు పశువైద్యుడికి చూపించండి. పెద్ద జాతుల్లో తుంటి కీళ్ల బాధ ఎక్కువ. పిడుదుల వల్ల వచ్చే జ్వరాలు కూడా మన దగ్గర మామూలే. తర్వాత దాన్ని గేటు నుంచి మార్చి, పెరట్లో నీడపట్టున కంచె కట్టించండి. రోజుకు రెండుసార్లు నడక కావాలి, గొలుసు పట్టేది మీరైనా సరే, పట్టు ఉన్న మరో మనిషైనా సరే. బయటికి తీసుకెళ్లేటప్పుడు ఎద్దులకు కట్టే చిక్కంలాంటి బుట్ట మూతికి తొడగండి. నోరు తెరిచి రొప్పేంత వదులుండాలి, మన ఎండలకు కుక్క ఒళ్లు చల్లబడేది రొప్పితేనే. గుర్రుమంటే కొట్టకండి. అది హెచ్చరిక. హెచ్చరికను కొట్టి మాన్పిస్తే, ఈసారి చెప్పకుండానే కరుస్తుంది. 'అటాక్ ట్రైనింగ్' ఇస్తామనే వాళ్లను గడప తొక్కనివ్వద్దు. పాపను దానితో ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకండి, అది తింటున్నప్పుడైతే ఆ దరిదాపులకే పోనివ్వకండి.

నిషేధం గురించి: 2024 మార్చిలో రాట్‌వీలర్ సహా 23 జాతులపై కేంద్రం రాష్ట్రాలకు ఓ సర్క్యులర్ పంపిన మాట నిజమే. ఏప్రిల్‌లోనే కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. అయినా కుక్క విషయంలో నిర్లక్ష్యం చేసి మనుషులకు ప్రమాదం తెచ్చిపెడితే భారతీయ న్యాయ సంహిత 291 కింద ఆరు నెలల దాకా జైలు శిక్ష పడొచ్చు. ఇంట్లో ఉండేది మీరు కాబట్టి ముందు మిమ్మల్నే అడుగుతారు. మీ ఆయనకు ఇది కూడా వినిపించండి.

వచ్చే ఆదివారం ఆయనతో మాట్లాడేటప్పుడు గొడవ పెట్టుకోకుండా లెక్క చెప్పండి. కంచెకు ఇంత, కొట్టకుండా నేర్పే ట్రైనర్‌కు ఇంత, నడిపించే మనిషికి నెలకు ఇంత. ఖర్చు ఆయనది, మూడు నెలలు గడువు. అప్పటికీ మారకపోయినా, ఈలోగా ఎవరినైనా కరిచినా, అనుభవం ఉన్న మనిషికి ఉన్నదున్నట్టు చెప్పి ఇచ్చేయాలి. రోడ్డు మీద వదిలేసే ఆలోచన మాత్రం రానివ్వద్దు. దొంగల భయానికి ఇంటి చుట్టూ లైట్లు, గట్టి గడియ, కెమెరా పెట్టించుకోండి. 112 నంబరు అత్తమ్మకు కూడా నేర్పండి.

అన్నట్టు, అత్తమ్మను టైగర్ దగ్గరికి వెళ్లి మచ్చిక చేసుకోమని ఎవరూ బలవంతపెట్టకండి. కర్ర ఆమె నడకకు ఆసరా, అది ఆమె చేతిలో ఉండాల్సిందే. సాయంత్రం పూట కంచెకు ఇవతల, దూరంగా కుర్చీ వేసుకుని, ఎముక లేని ఉడికిన చికెన్ ముక్క ఒకటి అటు విసరమనండి. కర్ర పక్కనే ఉండాలి. అదీ ఆమెకు ఇష్టమైతేనే.