నాన్న పక్కన కూర్చుని తినలేనంటోంది

ప్రశ్న: మా అమ్మాయికి పదహారేళ్లు. ఇంటర్ మొదటి సంవత్సరం. ఏడో తరగతిలో ఉన్నప్పటి నుంచే ఎవరైనా నములుతున్న చప్పుడు వింటే చిరాకు పడేది. ఇప్పుడు మరీ ఎక్కువైంది. వాళ్ల నాన్న అన్నం తింటున్నా, టీ జుర్రుకుంటున్నా చెవులు మూసుకుని కంచంతో గదిలోకి వెళ్లిపోతోంది. మొన్న ‘చప్పుడు లేకుండా తినలేవా’ అని గట్టిగా అరిచింది. ఆయన సగం అన్నంలో చెయ్యి కడుక్కుని లేచిపోయారు. మిక్సీ వేసినా, కుక్కర్ విజిల్ వచ్చినా పట్టించుకోదు. స్నేహితులతో బయట బాగానే తింటుంది. చెవి పరీక్షల్లో ఏ లోపమూ లేదన్నారు. మా అత్తగారు పొగరంటున్నారు. ఇంట్లో ఉన్నంతసేపూ ఇయర్‌ఫోన్లు తియ్యదు. దానికి మా మీద కోపమా? - ఒక తల్లి, ఖమ్మం

జవాబు: కోపం కాదమ్మా. పొగరు అంతకన్నా కాదు. మీరు రాసిన లక్షణాలు చూస్తే ఇది మిసోఫోనియా కావచ్చు. నమలడం, జుర్రుకోవడం, ముక్కు ఎగబీల్చడం, పెన్ను టిక్కుటిక్కుమనిపించడం లాంటి కొన్ని చప్పుళ్లు మాత్రమే భరించలేని స్థితి ఇది. చప్పుడు చిన్నదా పెద్దదా అన్నదానితో సంబంధం లేదు. పెద్ద శబ్దాలకే చెవి నొప్పి పుట్టే సమస్య వేరే ఉంది. మీ అమ్మాయికి అదే ఉంటే మిక్సీ దగ్గర నిలబడలేకపోయేది. మిసోఫోనియా అన్న పేరును 2001లో వినికిడి పరిశోధకులైన జాస్ట్రెబాఫ్ దంపతులు పెట్టారు. నిపుణులంతా కలిసి ఒక నిర్వచనానికి వచ్చింది 2022లోనే. వైద్యుల ప్రామాణిక జాబితాల్లో దీన్ని ఇంకా విడిగా చేర్చలేదు. కాబట్టి మీరు కలిసిన డాక్టరుకు ఇది కొత్తగా అనిపిస్తే ఆశ్చర్యపోకండి.

చాలామందిలో ఇది మీ అమ్మాయిలాగే పదేళ్లు దాటాక, కౌమారం మొదలయ్యే రోజుల్లో బయటపడుతుంది. ఇంగ్లండులోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయంలో సుఖ్‌బిందర్ కుమార్ బృందం 2017లో ఈ సమస్య ఉన్నవాళ్లకు మూడు రకాల చప్పుళ్లు వినిపించింది: వాన చప్పుడు, పసిపిల్లల ఏడుపు, తినే చప్పుడు. ఏడుపు అందరికీ చిరాకే. కానీ తినే చప్పుడు విన్నప్పుడే వీళ్లకు గుండె వేగం పెరిగింది, చెమట పట్టింది. మెదడులో ఏది ముఖ్యమో, దేన్ని పట్టించుకోవాలో తేల్చే భాగం విపరీతంగా స్పందించింది. అదే బృందం 2021లో మరో సంగతి చెప్పింది. వీళ్లలో వినికిడికి సంబంధించిన భాగానికీ, నోటినీ గొంతునూ కదిలించే భాగానికీ మధ్య లంకె మామూలు కన్నా బలంగా ఉంది. అంటే అవతలివాళ్లు నములుతుంటే ఆ కదలిక తన మీదికే వచ్చి పడుతున్నట్టు ఉండవచ్చు. మీ అమ్మాయి ఆలోచించి తెచ్చుకుంటున్న కోపం కాదిది. ఆలోచన మొదలయ్యేలోపే ఒళ్లు బిగుసుకుపోతుంది.

మరి బయట ఎలా తింటోందని మీ అనుమానం. ఇంట్లోవాళ్ల చప్పుళ్లే ఎక్కువ బాధపెట్టడం ఈ సమస్యలో చాలా మామూలు. రోజూ అదే మనిషి, అదే చప్పుడు. ఇంకాసేపట్లో మొదలవుతుందన్న టెన్షన్ ముందే పట్టుకుంటుంది. హోటల్లో పది రకాల మోతల్లో అది కలిసిపోతుంది, పైగా లేచి వెళ్లే వీలుంటుంది. ఈ ముక్క మీవారికి తప్పకుండా చెప్పండి. సగం అన్నంలో లేచిపోయిన మనిషి బాధ చిన్నది కాదు. కూతురికి తనంటే అసహ్యమని ఆయన అనుకుంటూ ఉండవచ్చు. భోజనాల వేళ కాకుండా, మీరిద్దరే ఉన్నప్పుడు కూర్చోబెట్టి చెప్పండి. టీ కాస్త చల్లారాక తాగడం లాంటివి ఆయన ఇష్టపడి చేస్తే మంచిదే. అంతేగాని సొంత ఇంట్లో భయపడుతూ తినాల్సిన గతి ఆయనకు పట్టకూడదు. భోజనం దగ్గర తెగిన మాటలు ఇంకోచోట కలుపుకోవచ్చు. కాలేజీకి ఆయనే బండి మీద దింపితే, సాయంత్రం ఇద్దరూ అలా బజారుకు వెళ్లొస్తే చాలు.

అమ్మాయితో కూడా ఒక మాట గట్టిగానే అనాలి. చిరాకు రావడం తన చేతిలో లేదు, నాన్న మీద అరవకుండా ఉండటం తన చేతిలో ఉంది. భరించలేకపోతే ఏమీ అనకుండా లేచి వెళ్లొచ్చని, ఎందుకు వెళ్లావని ఎవరూ అడగరని ముందే ఒప్పందం చేసుకోండి. మొన్నటి అరుపుకు క్షమాపణ చెప్పించండి, కానీ అందరి ముందూ కాదు. వారంలో రెండు మూడు పూటలు అందరూ కలిసి తింటే చాలు. ఆ పూట ఫ్యానో, పాటలో పెట్టుకోండి. తనను మీవారికి ఎదురుగా కాక దూరంగా, పక్కకు కూర్చోబెట్టండి. ఆకలి, నిద్రలేమి, పరీక్షల ఒత్తిడి ఉన్న రోజున ఈ బాధ రెట్టింపవుతుంది. కాలేజీ నుంచి రాగానే ఏదైనా తినిపిస్తే రాత్రి భోజనం కాస్త తేలికవుతుంది.

అలవాటవుతుందని ఎవరూ కావాలని తన పక్కన జంతికలు నమలకండి. ఈ సమస్యలో బలవంతంగా వినిపిస్తే తగ్గకపోగా పెరిగే ప్రమాదం ఉంది. మీ అత్తగారికి ఈ ఒక్కటీ చెప్పినా మేలే.

నాకు ఎక్కువ ఆందోళన కలిగించింది ఆ ఇయర్‌ఫోన్ల సంగతి. అదే పనిగా చెవులు మూసి ఉంచితే మెదడు లోపల వాల్యూమ్ పెంచుకుంటుంది. రెండు వారాలు చెవుల్లో ప్లగ్గులు పెట్టుకున్న మామూలు మనుషులకే ఆ తర్వాత శబ్దాలు ఎక్కువగా వినిపించాయని ఒక పరిశోధనలో తేలింది. ఒక్కసారిగా లాగేసుకోకండి. భోజనానికీ, చదువుకూ ఉంచి, మిగతా వేళల్లో కొద్దికొద్దిగా తగ్గించండి. చెవులు మూసుకునే బదులు సన్నగా వాన చప్పుడు పెట్టుకోవడం నయం.

దీనికి ప్రత్యేకించి పనిచేస్తుందని రుజువైన మాత్ర లేదు. ఆలోచనల్నీ, ప్రవర్తననీ మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీకి కొంత ఆధారం ఉంది. నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్‌లో 54 మందితో జరిగిన పరీక్షలో మూడు నెలల చికిత్స తర్వాత మూడోవంతు కన్నా కాస్త ఎక్కువమంది బాగా మెరుగయ్యారు. పూర్తిగా పోతుందని నేను మాట ఇవ్వలేను. కానీ పట్టు సడలుతుంది. పిల్లలతో పనిచేసే క్లినికల్ సైకాలజిస్టును కలవండి. ఆందోళన, డిప్రెషన్, ఓసీడీ (వద్దనుకున్నా అవే ఆలోచనలు, అవే పనులు మళ్లీ మళ్లీ రావడం) లాంటివి తోడుగా ఉన్నాయేమో కూడా చూస్తారు. వెళ్లేముందు ఒక వారం పాటు ఏ చప్పుడు, ఎవరిది, అప్పుడు ఒంట్లో ఏమైంది అన్నది అమ్మాయి చేతనే రాయించండి. మీరు రాస్తే తన తప్పులు లెక్కపెడుతున్నారనుకుంటుంది.

తిండి తగ్గి చిక్కిపోతున్నా, వస్తువులు విసురుతున్నా, తనను తాను గాయపరచుకుంటున్నా, చచ్చిపోవాలని ఉందని అన్నా ఆ వారం కూడా ఆగకండి, వెంటనే సైకియాట్రిస్టు దగ్గరకు తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.