ఆఫ్‌రోడ్ ఎక్స్‌పోకి వెళ్లే గోదావరి డెల్టా వాళ్లకు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలా భాగం ఆఫ్‌రోడ్, ఓవర్‌ల్యాండ్ బండ్ల ప్రదర్శనల గురించే. ఓవర్‌ల్యాండింగ్ అంటే వంట, పడక, నీళ్లు అన్నీ బండిలోనే పెట్టుకుని సరైన రోడ్డు లేని చోట్లకు రోజుల తరబడి తిరగడం. ఆ సామాను ఎక్కువగా ఆస్ట్రేలియా, అమెరికా లాంటి పొడి నేలల అవసరాల నుంచి పుట్టింది. మన పుంతలకీ, ఏటిగట్లకీ, రొయ్యల చెరువు గట్లకీ, ఉప్పుగాలికీ ఏది ఆగుతుందన్నదే ఇక్కడ మేం చూసుకున్న లెక్క.

*థార్ కొని ఏడాదైందండి. హైదరాబాదులో ఆఫ్‌రోడ్ ఎక్స్‌పోకి మొదటిసారి వెళుతున్నాను. ఒక్క రోజే వీలుంది. ముందు ఏం చూడాలి?*
– ఒక పాఠకుడు, అమలాపురం

ముందురోజు రాత్రే మీ బండి లెక్కలు ఒక కాగితం మీద రాసుకోండి: ఆర్సీలో ఉన్న స్థూల బరువు (మనుషులు, సామానుతో కలిపి బండికి అనుమతించిన మొత్తం బరువు), ఖాళీ బండి బరువు, టైరు సైజు, లోడ్ ఇండెక్స్ (ఒక్కో టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే అంకె), చక్రం బోల్టుల వలయం కొలత, మాన్యువల్‌లో ఇచ్చిన టాప్ బరువు పరిమితి. థార్‌కి 6 బోల్టులు, జిమ్నీకి 5. రెండిటికీ వలయం 139.7 మిల్లీమీటర్లే కాబట్టి స్టాల్‌లో కుర్రాడు ఒకదాని చక్రం ఇంకోదానికి చూపించే ప్రమాదం ఉంది. బండి కింద ముందూ వెనకా ఉన్న లాగుడు కొక్కేలకు ఫోన్లో ఫొటోలు తీసుకోండి. ఈ వివరాలు చేతిలో లేకపోతే అమ్మేవాడు చెప్పిందే మీ కొలత అవుతుంది.

గేటు తెరిచేసరికి అక్కడుండి నేరుగా డెమో ట్రాక్ దగ్గర పేరు రాయించుకోండి. మధ్యాహ్నానికి అక్కడ వరస పెరిగిపోతుంది. లైసెన్సు, బూట్లు తప్పనిసరి. సంతకం పెట్టమనే కాగితం చదివి పెట్టండి. స్టీరింగు పట్టుకున్నప్పుడు బొటనవేళ్లు చక్రం లోపలికి చుట్టకండి. ముందు చక్రం రాయికి కొట్టుకుని స్టీరింగు గిర్రున తిరిగితే వేలు విరుగుతుంది. ఇనుప ర్యాంపుల మీద తెలిసేది చక్రం ఎంత కిందికి జారుతుంది, బంపరు ఎక్కడ తగులుతుంది అన్నంతవరకే. పంటు (బండ్లను ఏరు దాటించే పడవ) దిగి ఇసుకలోకి వాలేటప్పుడు బంపరు నేలకు గీసుకుంటుందో లేదో అక్కడ కొంత అంచనాకు వస్తుంది. బురదలో బండి ఎలా నడుస్తుందో మాత్రం ఏ ర్యాంపూ చెప్పలేదు.

తర్వాత టైర్ల స్టాల్‌కి వెళ్లండి. సైడ్‌వాల్ మీద డాట్ నంబరు చివర నాలుగు అంకెలుంటాయి. 2324 అని ఉంటే అది 2024లో 23వ వారంలో తయారైంది. ప్రదర్శనల్లో భారీ తగ్గింపు ఇచ్చేది తరచూ పాత సరుకు మీదే. డెల్టాలో తిరిగే బండికి ఆల్-టెర్రైన్ రకం, అంటే రోడ్డుకీ మట్టికీ రెండిటికీ పనికొచ్చేది, చాలు. మడ్-టెర్రైన్ టైరు బురదను బాగా విదిలిస్తుంది గాని, తడిసిన తారురోడ్డు మీద బ్రేకు దూరం పెరుగుతుంది. మన బండ్లు ఏడాదిలో ఎక్కువ రోజులు నడిచేది ఆ రోడ్డు మీదే.

ఏదీ అక్కడికక్కడ బిగించుకోకండి. జీఎస్టీ బిల్లు, మన దేశంలో వారంటీ ఎవరిస్తారో రాతలో తీసుకుని ఇంటికి తెచ్చుకోండి.

*బండి టాప్ మీద విప్పుకునే గుడారం చూసి మా పిల్లలు పట్టుపడుతున్నారు. కొనవచ్చా?*
– ఒక పాఠకురాలు, భీమవరం

ముందు బరువు చూడండి. స్థూల బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే మిగిలేదే మీరు మోయగలిగేది. అది 450 కిలోలు అనుకుందాం. సగటున 70 కిలోల మనుషులు నలుగురు ఎక్కితే 280 పోయింది, మిగిలింది 170. గుడారం, దాన్ని మోసే రాక్ కలిపి 90. ఫ్రిజ్, అందులో సరుకు 35. నలభై లీటర్ల నీళ్లు 40. మొత్తం 165. పొయ్యి, పనిముట్లు, బట్టలు ఇంకా ఎక్కనే లేదు. పైగా టాప్ మీద బరువుకు పరిమితులు రెండుంటాయి: బండి నడుస్తున్నప్పుడు ఒకటి, ఆగి ఉన్నప్పుడు అంతకంటే ఎక్కువ. స్టాల్‌లో చెప్పేది రెండోది. మీరు అడగాల్సింది మొదటిది. గుడ్డ టాప్ ఉన్న బండికి ఈ ఆలోచనే వద్దు. మన శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్ లాంటి పికప్ అయితే వెనక తొట్టి మీద ఫ్రేము కట్టి బరువును కిందికి దింపవచ్చు.

బరువు కుదిరినా గాలిలో తేమ మిగిలే ఉంటుంది. కాటన్ కలిసిన కాన్వాసు తడి మీద మడిస్తే మన వాతావరణంలో రెండు రోజులకే బూజు పడుతుంది, ఆ నల్ల మచ్చలు మళ్లీ పోవు. వానలో మడిచి తెచ్చినా, ఇంటికి రాగానే విప్పి పూర్తిగా ఆరబెట్టాలి. డాబా మీదో కార్‌షెడ్డులోనో అంత జాగా ఉందా చూసుకోండి. పరుపు కింద గాలి ఆడే వల పొర లేకపోతే తెల్లారేసరికి పరుపు అడుగు చెమ్మగిల్లుతుంది. దోమతెర కన్ను ఎంత సన్నమో దీపం ముందు పెట్టి చూడండి. చెరువుల పక్కన ఆ తెర మీదే నిద్ర ఆధారపడి ఉంటుంది. పై పొరకు నీటిని ఆపే సామర్థ్యం (గుడ్డ ఎంత ఎత్తు నీటి ఒత్తిడికి ఆగుతుందన్న కొలత) 3000 మిల్లీమీటర్లు ఉంటే మన వానకు ఫరవాలేదు. అయినా నీళ్లు కారేది కుట్ల దగ్గరే కాబట్టి లోపలి వైపు కుట్టు మీద టేపు అతికించారో లేదో వేలితో తడిమి చూడండి.

నలుగురున్న ఇంటికి మా సలహా నేల మీద వేసుకునే మంచి గుడారం, మడత మంచాలు.

*12 వోల్టుల ఫ్రిజ్‌లు రెండు రకాలు చూపిస్తున్నారు. ధరలో చాలా తేడా ఉంది. ఎందుకు?*
– ఒక పాఠకుడు, ముమ్మిడివరం

చవక రకంలో కంప్రెసర్ ఉండదు. అది బయటి వేడి కంటే సుమారు 20 డిగ్రీలు మాత్రమే తగ్గించగలదు. రాజమండ్రిలో మే నెల ఎండ 44 ఉన్న రోజు లోపల 24 ఉంటుంది, చేపలు పాడైపోతాయి. కంప్రెసర్ రకమే తీసుకోండి. 40 నుంచి 50 లీటర్లది మన వేడికి రోజుకు 30 నుంచి 40 ఆంపియర్-అవర్లు తాగుతుంది. వంద ఆంపియర్-అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీతో రెండు రోజులు నడుస్తుంది. అదే సైజు లెడ్ యాసిడ్‌ను సగం కంటే ఎక్కువ వాడితే త్వరగా చచ్చిపోతుంది. ఫ్రిజ్ మాటిమాటికీ ఆగిపోతోందంటే చాలాసార్లు లోపం ఫ్రిజ్‌లో ఉండదు, సన్న వైరులో వోల్టేజి పడిపోతుంటుంది. బ్యాటరీ నుంచి కనీసం 6 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేయించి, బ్యాటరీకి జానెడు లోపే ఫ్యూజు పెట్టించండి.

*చెరువు గట్టు మీద బండి దిగబడితే ఇప్పటిదాకా ట్రాక్టరుకి గొలుసు కట్టి లాగిస్తున్నాం. ఎక్స్‌పోలో రికవరీ కిట్ కొనాలనుకుంటున్నా. ఏవి తీసుకోవాలి? విన్చ్ కొంటే కొబ్బరిచెట్టుకి కట్టి లాగొచ్చా?*
– ఒక పాఠకుడు, రాజోలు

విన్చ్ (బండికి బిగించి, తాడును డ్రమ్ముకి చుట్టుకుంటూ లాగే యంత్రం) సంగతి ఆఖర్న చెబుతాం. ముందు గొలుసు మానేయండి. గొలుసు సాగదు. ట్రాక్టరు కుదుపు ఇచ్చిన క్షణంలో బలమంతా ఒక్క లింకు మీద పడుతుంది, తెగితే ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు. ట్రాక్టరుతోనే లాగించాలంటే సాగని వెడల్పు పట్టీ కట్టి, తాడు బిగిసేదాకా నెమ్మదిగా ముందుకు జరిగి, ఆపకుండా మెల్లగా లాగించాలి. పట్టీని ట్రాక్టరు కింది డ్రాబార్‌కే తగిలించాలి. వెనక ఇరుసు కంటే ఎత్తులో, టాప్ లింకు దగ్గర తగిలిస్తే ముందు చక్రాలు లేచి ట్రాక్టరు డ్రైవరు మీదికి వెనక్కి తిరగబడుతుంది.

సాగే తాడు, అంటే కైనెటిక్ రోప్, రెండు బండ్లు దగ్గర దగ్గర బరువున్నప్పుడు వాడేది. అది దాదాపు 30 శాతం సాగి, ఆ శక్తిని మెల్లగా తిరిగి ఇస్తుంది. తెగే బలం బండి స్థూల బరువుకు రెండు నుంచి మూడింతలు ఉండాలి. రెండున్నర టన్నుల బండికి 19 మిల్లీమీటర్ల తాడు సాధారణంగా సరిపోతుంది. ఇంకా లావుది అమ్మజూపితే వద్దనండి. మరీ బలమైన తాడు మీ బండి బరువుకు సాగదు, గొలుసులాగే కుదుపుతుంది.

తాడును బండికి తగిలించే షాకిల్ (పిన్నుతో మూసే ఇనుప కొక్కెం) మీద పని బరువు, అంటే అది భద్రంగా మోయగలిగేది, పోతపోసి ఉండాలి. 5/8 అంగుళాలదానికి 3.25 టన్నులు, 3/4 అంగుళాలదానికి 4.75 టన్నులు. అంకె లేని మెరిసే షాకిల్ ఎంత లావున్నా కొనకండి. పిన్ను పూర్తిగా బిగించి పావు చుట్టు వెనక్కి తిప్పాలి, లేకపోతే లాగుడు తర్వాత పట్టేసి రాదు. తాడుతో అల్లిన సాఫ్ట్ షాకిల్ తేలిక, తెగినా ఇనుములా మనిషిని కొట్టదు. కాకపోతే పదునైన అంచుకి కోసుకుపోతుంది, ఇసుక నారల్లోకి దూరి అరగదీస్తుంది. వాడిన ప్రతిసారీ కడిగి నీడన ఆరబెట్టండి.

ఇక ఒక విషయం గట్టిగా చెప్పాలి. వెనక ట్రైలరు తగిలించే గుండ్రటి బాల్‌కి తాడు ఎప్పుడూ కట్టకండి. అది విరిగి తుపాకీ గుండులా వచ్చి మనుషులు చనిపోయిన సంఘటనలు విదేశాల్లో నమోదయ్యాయి. లారీ మీద బండిని కట్టడానికి కంపెనీ ఇచ్చే పలచని రింగులు కూడా లాగడానికి పనికిరావు. ఏది అసలైన రికవరీ పాయింటో మీరు తీసుకెళ్లిన ఫొటోలు చూపించి అడగండి.

మన ఒండ్రు బురదకు అన్నిటికంటే పనికొచ్చేది పొడుగు పిడి పార, రెండు రికవరీ బోర్డులు (దిగబడ్డ చక్రం కింద పెట్టే పళ్లున్న పలకలు). బంకమట్టి ఛాసిస్‌ని కిందికి పీల్చి పట్టుకుంటుంది. చక్రాల ముందు, ఇరుసు కింద మట్టి తవ్వి లోపలికి గాలి వెళ్లేలా చేస్తే లాగాల్సిన బలం బాగా తగ్గుతుంది. బోర్డు మీద చక్రం గిర్రున తిప్పితే పళ్లు కరిగిపోతాయి. ఫోర్ లో గేరులో, అంటే నాలుగు చక్రాలూ తక్కువ వేగంతో ఎక్కువ బలంగా తిరిగేలా వేసి, మెల్లగా ఎక్కించాలి. ఆ సమయంలో బోర్డు వెనక ఎవరూ నిలబడకూడదు.

విన్చ్ సామర్థ్యం స్థూల బరువుకు ఒకటిన్నర రెట్లు ఉండాలి. రాసిన టన్నులు డ్రమ్ము మీద ఆఖరి చుట్టు మిగిలినప్పటివి. పై చుట్ల మీద బలం తగ్గుతుంది. కొబ్బరిచెట్టు నమ్మకమైన లంగరు కాదు. దానికి తల్లివేరు లేదు, పీచు వేర్లే. కాలువ గట్టు మీద మట్టి కొట్టుకుపోయిన చెట్టయితే వానాకాలంలో వేళ్లతో సహా వచ్చేస్తుంది. వేరే దారి లేనప్పుడు గట్టి నేలలో నిటారుగా ఉన్న చెట్టు చూసి, 75 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీని చెట్టు మొదలుకి, నేలకు ఆనించి కట్టండి. చెట్టు పడగలిగే దూరంలోనూ, లైను పొడుగునా మనుషుల్ని ఉండనివ్వకండి. మీ అవసరానికి ఊళ్లో ట్రాక్టరు దొరుకుతుంది కాబట్టి విన్చ్ డబ్బు మిగుల్చుకోవడమే మేలు.

*వరదల్లో కాజ్‌వేలు దాటాలి. స్నార్కెల్ బిగిస్తే ఎంత లోతైనా వెళ్లొచ్చని స్టాల్‌లో చెప్పారు. నిజమేనా?*
– ఒక పాఠకుడు, పి.గన్నవరం

కాదు. స్నార్కెల్ ఇంజను పీల్చే గాలి దారిని ఎత్తులో పెడుతుంది, అంతే. తలుపు సందులు, ఆల్టర్నేటరు, వైరింగు, ఇరుసుల గాలి గొట్టాలు ఉన్న ఎత్తులోనే ఉంటాయి. కంపెనీలు చెప్పే లోతు, థార్‌కి 650 మిల్లీమీటర్లు, గూర్ఖాకి 700, నిలవ నీటికి. పారే నీటిలో అడుగు లోతే చిన్న కారును తేల్చగలదు, రెండడుగుల్లో ఎస్‌యూవీలు కూడా కొట్టుకుపోతాయి. 2022 జూలై లాంటి గోదావరి వరదలో కాజ్‌వే అంచు కనిపించదు, కింద మట్టి కోసుకుపోయి స్లాబు ఉందో లేదో తెలియదు. అప్పుడు దాటడానికి పడవే, బండి కాదు.

నిలవ నీళ్లలోనైనా ఇంజను ఆగిపోతే మళ్లీ స్టార్టు చేయకండి. సిలిండరులో నీళ్లుంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. మామూలు బీమా దాన్ని సాధారణంగా భరించదు, ఇంజను రక్షణ కవరు విడిగా ఉండాలి. దాటి వచ్చాక ఇరుసు నూనె చూడండి. పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు చేరినట్టే, వెంటనే మార్చాలి.

*ఇనుప బంపరు వేయిస్తే బ్రేక్ ఇన్‌స్పెక్టరు పట్టుకుంటాడా?*
– ఒక పాఠకుడు, నరసాపురం

పట్టుకోవచ్చు. బుల్ బార్‌లు చట్టవిరుద్ధమని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు, సుప్రీంకోర్టు 2019 జనవరిలో అదే చెప్పింది. మార్పు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. చట్టం సంగతి అటుంచినా, ఇనుప బంపరు ఎయిర్‌బ్యాగు తెరుచుకునే తీరును చెడగొడుతుంది, ఎదురొచ్చిన మనిషికి దెబ్బ పెంచుతుంది. తాళ్లు, బోర్డులు, టైర్లలో గాలి నింపే కంప్రెసరు మార్పుల కిందికి రావు.

*మే నెలలో ఫీనిక్స్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళుతున్నాం. అక్కడ ఫ్లాగ్‌స్టాఫ్‌లో జరిగే ఓవర్‌ల్యాండ్ ఎక్స్‌పో వెస్ట్‌కి తీసుకెళతానంటున్నాడు. ఏం తెచ్చుకోవచ్చు?*
– ఒక పాఠకుడు, పాలకొల్లు

తప్పక చూడండి. 2009లో మొదలైన ఈ ప్రదర్శనలో సొంతంగా కట్టుకున్న బండ్లు పక్కపక్కనే నిలబెట్టి ఉంటాయి. యజమానులు ఓపిగ్గా చూపిస్తారు. ఫీనిక్స్‌లో ఎండ మాడ్చేస్తున్నా ఫ్లాగ్‌స్టాఫ్ సుమారు 2,100 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి రాత్రి చలికోటు కావాలి. గాలి పొడి, దుమ్ము. నీళ్లు తాగుతూ ఉండండి. టికెట్టు ముందే ఆన్‌లైన్‌లో తీసుకోమనండి.

తెచ్చుకోదగ్గవి చిన్నవి: టైరు గాలి తీసే స్క్రూ డిఫ్లేటర్లు, మంచి గేజి, సాఫ్ట్ షాకిల్, కైనెటిక్ రోప్. టైరు వాల్వు మనదీ వాళ్లదీ ఒకటే. 160 వాట్-అవర్లు దాటిన బ్యాటరీ విమానం ఎక్కదు, గ్యాసు డబ్బాలు అసలు ఎక్కవు. అక్కడి కరెంటు 120 వోల్టులు కాబట్టి గోడకు తగిలించే ఛార్జర్లు 230కి పనిచేస్తాయో లేదో లేబుల్ చదివి కొనండి.

*అంతర్వేది వైపు ఇసుకలో నడపడానికి టైర్లలో గాలి ఎంత ఉంచాలి? ఏ కంప్రెసరు మంచిది?*
– ఒక పాఠకుడు, సఖినేటిపల్లి

పొడి ఇసుకకు 18 పీఎస్‌ఐతో మొదలుపెట్టండి, కూరుకుంటుంటే 15కి దించండి. 12 కంటే కిందికి పోతే మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడుతుంది. ఆపేటప్పుడు బ్రేకు తొక్కితే చక్రం ముందు ఇసుక కుప్ప పడుతుంది కాబట్టి వాలు వైపు ముఖం పెట్టి, దానంతట అది ఆగేలా వదిలేయండి. తారురోడ్డు ఎక్కేముందు గాలి మళ్లీ నింపాల్సిందే.

కంప్రెసరు డబ్బా మీద నిమిషానికి ఇన్ని లీటర్లని రాసేది ఎదురు ఒత్తిడి లేనప్పటి లెక్క. ఎక్స్‌పోలో మీ సైజు టైరును 18 నుంచి 32కి ఎన్ని నిమిషాల్లో నింపుతుందో గడియారం పెట్టి చూపించమనండి. బ్యాటరీకి క్లిప్పులతో తగిలించేదే కొనండి, సిగరెట్ లైటరు సాకెట్టు ఫ్యూజు ఆ కరెంటుకు ఎగిరిపోతుంది.

తీరం మీద బండి దింపడానికి అనుమతి ఉందో లేదో స్థానిక పోలీసులను, అటవీ శాఖను ముందే అడగండి. జనవరి నుంచి వేసవి మొదలయ్యేదాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు మన గోదావరి సంగమాల దగ్గర గుడ్లు పెడతాయి. గూళ్లు ఇసుక కింద కనపడవు, చక్రం ఎక్కితే నలిగిపోతాయి. ఆ నెలల్లో తీరానికి బండి తీసుకెళ్లనే వద్దు.

మిగతా రోజుల్లో వెళ్లొచ్చాక అదే రోజు చక్రాల లోపలి వైపు, ఛాసిస్ గొట్టాల రంధ్రాలు, బ్రేకులు కడిగించండి. తీరప్రాంతపు ఊళ్లలో బోరు నీళ్లే ఉప్పగా ఉంటాయి. వాటితో కడిగితే ఉప్పు మీద ఉప్పు చేరుతుంది. రాజోలు దాకా వచ్చి మంచినీళ్లున్న సర్వీసింగ్ షెడ్డులో కడిగించడం నయం.