గ్రిట్స్ గిన్నె దగ్గర తొందరపడకు

చిట్టీ,

ఉద్యోగం మానేసి అమెరికాలో, ఆ మేకన్ ఊళ్లో టిఫిన్ హోటల్ పెడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మన అనంతపురం పిల్ల జార్జియా రాష్ట్రం వాళ్లకు వాళ్ల మొక్కజొన్న రవ్వ జావ, అదే గ్రిట్స్, వండి పెడుతుందంటే నాకు కడుపు నిండిపోయింది. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

లైసెన్సులు, అద్దె కాగితాలు నాకంటే నీకే బాగా తెలుసు. ఇన్‌స్టంట్ పొట్లాలు కొనకు. రాతి మర మీద విసిరిన మొక్కజొన్న రవ్వ తెచ్చుకో. గ్లాసుకు నాలుగు గ్లాసుల నీళ్లు, సన్నమంట, ముప్పావుగంట. సంకటి కెలికిన చెయ్యికి ఇదేమీ కొత్త కాదు. తెల్ల గ్రేవీకి సాసేజ్ కొవ్వులో మైదా పచ్చివాసన పోయేదాకా వేయించి, పాలు కొద్దికొద్దిగా పోసి, మిరియాలు దండిగా వెయ్యి. రెడ్‌ఐ గ్రేవీకి హామ్ వేయించిన ఇనప పెనంలోనే పాలు కలపని కాఫీ పోసి, అడుగంటినదంతా గీకాలి. నేను పంది మాంసం నోట పెట్టను, కానీ ఆ వాసనకు జనం కుర్చీలు ముందుకు జరుపుకోవడం చూశాను.

ఇక అసలు సంగతి. 1998లో ఒక మోటల్ వంటింట్లో పొద్దుటి డ్యూటీ చేసేదాన్ని. ఆదివారం, చర్చి నుంచి జనం వచ్చే వేళయింది, గ్రిట్స్ ఇంకా పలుకుగానే ఉన్నాయి. మంట పెంచి, మూత తీసి వంగి చూశాను. చిక్కబడ్డ గ్రిట్స్ నీళ్లలా మరగవమ్మా. అడుగున ఆవిరి పోగై, బుడగ పైకొచ్చి ఫట్‌మని పగులుతుంది. ఒక ముద్ద ఎగిరొచ్చి మణికట్టు మీద పడింది. వేడినీళ్లయితే జారిపోతాయి, ఇది అంటుకుని కూర్చుంది. రెండో చేత్తో గీకేశాను. తోలు దాంతోపాటే వచ్చేసింది. నాతో పనిచేసే మెంఫిస్ ఆవిడ పరుగున వచ్చి, నా చెయ్యి కుళాయి కింద పెట్టి ఇరవై నిమిషాలు వదల్లేదు. గాయకుడు అల్ గ్రీన్ సంగతి అప్పుడే చెప్పింది. 1974 అక్టోబరులో మెంఫిస్‌లో ఆయన ఇంట్లోనే, స్నానాల గదిలో ఉండగా ఒకామె మరిగే గ్రిట్స్ ఆయన మీద కుమ్మరించిందట. వీపు కాలి ఆస్పత్రి పాలయ్యాడు. తర్వాత పాస్టరయ్యాడు. ఇప్పటికీ రేడియోలో ఆయన పాట వస్తే మణికట్టు తడుముకుంటాను.

నువ్వేమో ఫోన్ చూస్తూ గరిటె తిప్పే పిల్లవి! సెలవుల్లో అమ్మమ్మ పాలు ఎన్నిసార్లు పొంగబెట్టావు? తిట్టింది నేనే, పెరుగన్నం కలిపి తినిపించిందీ నేనే.

మీ మేకన్ పాటల ఊరు. గాయకుడు లిటిల్ రిచర్డ్ అక్కడి బస్టాండులో గిన్నెలు కడిగాడు. హెచ్ అండ్ హెచ్ హోటల్లో లూయీజ్ హడ్సన్ అనే ఆవిడ, ఆల్మన్ బ్రదర్స్ అనే పాటల బృందానికి వాళ్ల చేతిలో డబ్బుల్లేని రోజుల్లో కడుపునిండా పెట్టింది. గిటార్ భుజానేసుకుని ఎవరన్నా ఆకలితో వస్తే నువ్వూ పెట్టు తల్లీ, ఒక గరిటె ఎక్కువే పెట్టు. పొయ్యి మీద గిన్నె వదిలి వాళ్ల పాట వినడానికి మాత్రం వెళ్లకు.

శనివారం మీ పెదనాన్న వస్తున్నాడు. అమ్మమ్మ సంకటి తెడ్డు పంపుతున్నాను. కాడ మూరెడు పైనే ఉంటుంది. పొడుగని కోయించకు.

మీ పెద్దమ్మ