ఇల్లు చూశారు సరే, లాన్ కింద పైపు చూశారా?

సంక్రాంతికి గుంటూరు వెళ్తే బ్రాడీపేటలో మా పిన్ని కొడుకు పట్టుకున్నాడు. వాడు అమెరికాలో, కొలంబస్‌లో కొనడానికి పాత ఇళ్లు చూస్తున్నాడు. "అన్నయ్యా, ఇన్‌స్పెక్షన్‌కి ఎలాగూ డబ్బు కడుతున్నాం కదా, మళ్లీ సీవర్ స్కోప్ అని, మురుగు పైపులోకి కెమెరా పంపి చూడ్డానికి విడిగా అడుగుతున్నారు. అవసరమా?" అన్నాడు.

అవసరమే. మామూలు ఇన్‌స్పెక్షన్‌లో ట్యాపులు తిప్పి, ఫ్లష్ చేసి చూస్తారు. నేల కింద పైపులోకి కెమెరా పంపడం అందులో ఉండదు. మన వైపు ఇంటి మురుగు గురించి సెప్టిక్ ట్యాంకు నిండినప్పుడే ఆలోచిస్తాం. లారీని పిలిస్తే లాక్కుపోతారు, అంతటితో మర్చిపోతాం. అమెరికాలో వీధి కింద పెద్ద మురుగు పైపు, మెయిన్, సిటీది. ఇంటి నుంచి దాని దాకా వెళ్లే పైపు మాత్రం మనదే. కొన్ని ఊళ్లలో మన హద్దు దాకా, చాలా చోట్ల మెయిన్‌కి కలిసే జాయింటు దాకా. ఇది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

అక్కడి మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం రోజు. ముప్ఫై మంది భోజనాలు, పైన వాషింగ్ మెషీన్ నీళ్లు వదలగానే కింద కమోడ్ గుడగుడమంది. నవ్వుకున్నాం. కాసేపటికి బేస్‌మెంట్ ఫ్లోర్ డ్రెయిన్‌లోంచి నల్లటి నీళ్లు పైకొచ్చి, పిల్లల కోసం పరిచిన జంపఖానా అంచు తడిపేశాయి. ఒక్క సింకే నిలిచిపోతే ఆ సింకు గొడవ. ఒకచోట నీళ్లు వదిలితే ఇంకోచోట పైకొస్తే ఇంటి నుంచి వీధికెళ్లే ఆ పైపే పూడుకుంటున్నట్టు.

ప్లంబరు కెమెరా దింపాడు. పాత మట్టి పైపు, జాయింటు దగ్గర సవరంలా వేలాడుతున్న వేళ్లు! మేం ముచ్చటపడి ఇల్లు కొన్నదే ముందున్న ఆ మేపుల్ చెట్టు చూసి. వేళ్లని మెషీన్‌తో కోయించాం కానీ అవి మళ్లీ పెరుగుతాయి, అందుకే రెండేళ్లకోసారి కెమెరా పెట్టిస్తున్నాను. మామూలు హోమ్ ఇన్సూరెన్సులో సీవర్ బ్యాకప్, అంటే ఇలా మురుగు ఇంట్లోకి ఎదురు తన్నడం, సాధారణంగా ఉండదు, విడిగా చేర్పించుకోవాలి. అది కూడా ఇంట్లో జరిగిన నష్టానికే, పైపు రిపేరుకి మళ్లీ జేబులోంచే.

తమ్ముడికి చెప్పిందే మీకూ. కెమెరా వీడియో ఫైలు అడిగి తీసుకోండి, నోటిమాట రిపోర్టు చాలదు. పైపు దేనితో చేసిందో రాయించండి. మట్టి పైపు అనగానే పారిపోనక్కర్లేదు, జాయింట్లు కదలకపోతే బాగానే పనిచేస్తుంది. ఆరెంజ్‌బర్గ్ అంటే మాత్రం ఆగండి. తారులో నానబెట్టిన పీచు పైపు అది, 1970ల మొదటి దాకా వేశారు, నానీ నానీ అప్పడంలా అణిగిపోతుంది. పైపు కుంగి నీళ్లు నిలిచే చోటు ఉందా, ఉంటే ఎంత లోతులో, పైన నేల మీద ఎక్కడ అని గుర్తు పెట్టించండి. ఇవి చేతిలో ఉంటేనే అమ్మేవాళ్లతో బేరం.

ఇక మన వంటిల్లు. గారెలు వేయించిన నూనె వేడిగా ఉన్నప్పుడు నీళ్లలాగే దిగిపోతుంది. చలికాలంలో నెయ్యి గిన్నెకి ఎలా పట్టుకుంటుందో, లోపల పైపుకి ఆ జిడ్డు అలాగే పట్టుకుంటుంది. చల్లార్చి పాత డబ్బాలో పోసి చెత్తలో వేయండి. మునక్కాడ పిప్పి, మిగిలిన అన్నం డిస్పోజల్‌లో, అంటే సింకు కింద చెత్త నలిపే మెషీన్‌లో, వేయకండి. పీచు నలగదు, అన్నం ఉబ్బి ముద్దవుతుంది. ఫ్లష్ చేయొచ్చని ప్యాకెట్ మీద రాసి ఉన్నా సరే, తడి వైప్స్ కమోడ్‌లో వేయకండి.

ఇంట్లో దిగిన వారంలోనే క్లీనౌట్, అంటే మురుగు పైపు శుభ్రం చేయడానికి తెరిచే చోటు, ఎక్కడుందో వెతకండి. బేస్‌మెంట్‌లోనో, గోడ బయట గడ్డిలోనో నాలుగంగుళాల మూత ఉంటుంది. మాది పాత ఓనరు నాటిన పొద కింద దొరికింది. లైన్ నిండి ఉన్నప్పుడు మాత్రం దాన్ని మీరు తిప్పకండి. ఆ రోజు మా బావగారు తిప్పారు, పట్టుపంచెతో.