చెక్‌పోస్టులో నిలబడబోయే మేనకోడలికి

సీతమ్మధార,
విశాఖపట్నం.

చిరంజీవి అమ్మడికి మామయ్య ఆశీస్సులు.

పెందుర్తి వైపు పోలీసు చెక్‌పోస్టులో నీకు డ్యూటీ వేశారని మీ అమ్మ చెప్పగానే ఆ రోడ్డంతా నా కళ్ళ ముందు కదిలింది. అరకు ఘాట్ దిగిన బస్సులు, జీపులు, లారీలు శృంగవరపుకోట, కొత్తవలస మీదుగా వచ్చి నగరంలో కలిసే దారి అది. రాత్రి రెండు గంటలకు అక్కడ నిలబడితే ఎదురుగా వచ్చే బండిలో మనిషి కనబడడు. హెడ్‌లైట్ల వెలుగు, దాని వెనక నల్లటి అద్దం, అంతే. ఆ అద్దం వెనక ఎవరున్నారో తెలియని అర నిమిషంలో నువ్వు ఎలా ప్రవర్తిస్తావన్నదే నీ ఉద్యోగం.

మొన్న ఫోనులో ఒక మాట అడిగావు. "ఏ తప్పూ చేయనివాణ్ని ఆపి, దిగమని, సంచి విప్పమనే హక్కు మనకు ఎక్కడి నుంచి వచ్చింది మామయ్యా?" అని. ఇంతలో మీ అత్తయ్య అన్నానికి పిలిచింది, మాట తెగిపోయింది. ఈ ప్రశ్న నీకు ఉద్యోగం మొదట్లోనే తట్టినందుకు నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. నాకు తట్టడానికి 11 ఏళ్ళు పట్టింది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

దేశమంతటా స్వేచ్ఛగా తిరిగే హక్కును రాజ్యాంగం 19వ అధికరణలో పౌరుడికి ఇచ్చింది. ప్రజల ప్రయోజనం కోసం ఆ హక్కు మీద సహేతుకమైన ఆంక్షలు పెట్టవచ్చని అదే అధికరణ చెప్పింది. మన చెక్‌పోస్టుకు పునాది "సహేతుకం" అన్న ఆ ఒక్క మాటే. బండి నడిపేవాడి విషయంలో చట్టం మరింత స్పష్టంగా ఉంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 130వ సెక్షన్ ప్రకారం, యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి అడిగితే డ్రైవరు లైసెన్సు చూపించి తీరాలి. "యూనిఫాంలో ఉన్న" అనే మాటను మరిచిపోకు. మఫ్టీలో ఉన్నవాళ్ళను రోడ్డు మీదికి పంపి బండ్లు ఆపించకు. అర్ధరాత్రి మామూలు బట్టల్లో చెయ్యెత్తినవాణ్ని దొంగ అనుకుని డ్రైవరు ఆపకుండా పోతే, తప్పు డ్రైవరుదని నేను అనను.

నీకు వచ్చిన సందేహం వేరే దేశాల కోర్టులకూ వచ్చింది. అమెరికా సుప్రీంకోర్టు 1976లో మెక్సికో సరిహద్దుకు దగ్గరి రోడ్ల మీద తనిఖీ కేంద్రాలను ఒప్పుకుంది. 1979లో, ఏ అనుమానమూ లేకుండా పోలీసు తనకు తోచిన బండిని ఎంచుకుని ఆపడం కుదరదంది. 1990లో, తాగి నడిపేవాళ్ళను పట్టుకోవడానికి అందరినీ కాసేపు ఆపవచ్చంది. 2000లో మాత్రం, మాదకద్రవ్యాల కోసం ఇండియానాపోలిస్ నగరం నడిపిన తనిఖీ కేంద్రాలను తప్పుపట్టింది. రోడ్డు భద్రతకో సరిహద్దుకో అయితే సరే గాని, మామూలు నేరాల వేట కోసం అనుమానం లేని జనాన్నంతా ఆపకూడదన్నది. ఆ తీర్పులు మనల్ని కట్టడి చేయవు. గంజాయి రవాణా జరుగుతోందని అనుమానించడానికి కారణం ఉంటే బండిని ఆపి సోదా చేసే అధికారం మనకు మాదకద్రవ్యాల చట్టం, అదే ఎన్‌డీపీఎస్ చట్టం, 49వ సెక్షన్‌లో ఉంది. చూశావా, అక్కడ కూడా కారణం ఉంటేనే. ఆ తీర్పుల నుంచి నేను తీసుకున్నది ఒకటే: వచ్చినవాళ్ళందరినీ ఒకేలా ఆపడం వేరు, నా కంటికి నచ్చని ముఖాన్ని ఎంచుకుని ఆపడం వేరు. మొదటిదాన్ని జనం ఓర్చుకుంటారు. అన్ని బండ్లనూ ఆపడానికి బలగం చాలకపోతే ప్రతి పదో బండిని ఆపు. ఆ లెక్క తప్పి ఒక బండిని పక్కకు పెట్టావంటే, ఎందుకు పెట్టావో నీ నోట్‌బుక్కులో రాసి ఉండాలి.

ఆపడం ఒక మెట్టు. అడగడం దాని పై మెట్టు. వెతకడం ఇంకా పైది. మనిషి ఒంటి మీద చెయ్యి వేయడం అన్నిటికంటే పైది. మెట్టు ఎక్కేకొద్దీ నీ దగ్గరున్న కారణం బరువు పెరగాలి. డిక్కీ తెరవమనాలంటే నీకు ఏదో ఒకటి కనబడాలి, వినబడాలి, వాసన తగలాలి. నంబరు ప్లేటులో ఒక్క అంకె మాత్రం కొత్త రంగుతో ఉందా? ఎక్కడి నుంచి వస్తున్నారంటే ముందు సీటువాడు అరకు అని, వెనక సీటువాడు పాడేరు అని చెబుతున్నారా? ఇద్దరే ఉన్న కారు వెనక టైర్ల మీద కుంగిపోయి ఉందా? ఇవి కారణాలు. కొండ మనిషిలా ఉన్నాడు, గడ్డం పెంచాడు, బట్టలు మాసిపోయాయి, తడబడుతున్నాడు, ఇవేవీ కారణాలు కావు. పోలీసును చూసి తడబడని పేదవాణ్ని నా సర్వీసులో నేను చూడలేదు.

ఇక నా తప్పు చెబుతాను. మీ అత్తయ్యకు తప్ప ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఘాట్ రోడ్డు కింద ఒక చెక్‌పోస్టులో ఉన్న రోజులవి. వైశాఖంలో ఒక సాయంత్రం, ఈదురుగాలితో వాన కొట్టి అప్పుడే వెలిసింది. సంత నుంచి దిగుతున్న బస్సును ఆపాం. ఉద్యోగులను, పర్యాటకులను కూర్చోనిచ్చి గిరిజనులను మాత్రం కిందికి దింపారు మావాళ్ళు. నడివయసు మనిషి ఒకామె గోనెసంచి పట్టుకుని దిగింది. ఏముందంటే పసుపు అంది. మూతి విప్పి చెయ్యి పెట్టి చూస్తే సరిపోయేది. మా కానిస్టేబుల్ సంచిని తిరగేసి కుమ్మరించాడు. పసుపు కొమ్ములన్నీ బురదలో పడ్డాయి. ఆమె ఒక్క మాట అనలేదు. గొంతుక్కూర్చుని ఒక్కో కొమ్మూ ఏరి, కొంగుతో తుడిచి, సంచిలో వేసుకుంది. ఆమె ఏరుకుంటూ ఉండగానే బస్సు వెళ్ళిపోయింది. పది అడుగుల దూరంలో రేకుల షెడ్డు కింద నేను నిలబడి ఉన్నాను. తనిఖీ అంటే అలాగే ఉంటుందనుకున్నాను. ఆపమని అనలేదు. ఏరడానికి వంగనూ లేదు.

ఆ తరువాత కొద్ది రోజులకే ఒక కారు వచ్చింది. భార్యాభర్తలు, వెనక సీట్లో నిద్రపోతున్న పిల్ల. మర్యాదగా పంపేశాం. చాలా దూరం పోయాక మరో స్టేషన్‌వాళ్ళు ఆ కారును పట్టుకుంటే సీట్ల కింద గంజాయి పొట్లాలు బయటపడ్డాయి. మేము పేదవాళ్ళను వెతికాం, సరుకును వదిలేశాం. అంతకంటే పెద్ద నష్టం మరొకటి జరిగింది. కొండ మీద ఏ ఊరికి వెళ్ళి అడిగినా ఒక్కరూ నోరు విప్పడం మానేశారు. ఎందుకు విప్పుతారు? ఏ దారిన, ఏ రాత్రి, ఎవరి బండిలో సరుకు దిగుతోందో చెప్పేది స్కానరు కాదమ్మా, ఆ దారిన నడిచే మనిషి. ఆ మనిషి పసుపును బురదలో పోసి, మళ్ళీ ఆ మనిషినే సమాచారం అడిగాం.

సోదా చేయక తప్పని పరిస్థితి వస్తే చట్టాన్ని అక్షరం వదలకుండా పాటించు. ఎన్‌డీపీఎస్ చట్టం 50వ సెక్షన్ కింద, ఒంటి సోదాకు ముందు "గెజిటెడ్ అధికారి ముందు గాని, మేజిస్ట్రేటు ముందు గాని సోదా జరగాలని కోరే హక్కు మీకుంది" అని ఆ మనిషికి చెప్పాలి. 1999లో బల్దేవ్ సింగ్ కేసులో, 2010లో జడేజా కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనాలు ఈ విషయంలో వెసులుబాటు లేదన్నాయి. అతనికి అర్థమయ్యే భాషలో చెప్పాలి. నా కేసు ఒకటి ఇక్కడే పడిపోయింది. అతనికి వచ్చింది ఒడియా, మేము చదివి వినిపించింది తెలుగు, కాగితం మీద మాత్రం వేలిముద్ర ఉంది. సరుకు నిజం, మనిషి నిజం, అయినా అతను నా కళ్ళ ముందే కోర్టు మెట్లు దిగి వెళ్ళిపోయాడు. హక్కులు హక్కులంటే నేరస్తులు తప్పించుకుంటారని స్టేషన్‌లో నీకు చెప్పేవాళ్ళుంటారు. నేను చూసినంతలో, మనం వాటిని పాటించనప్పుడే తప్పించుకున్నారు.

చేతిసంచులు 50వ సెక్షన్ కిందికి రావని 2005లో పవన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. డిక్కీలూ రావు. అంతమాత్రాన సంచి మీద చులకన వద్దు. ఆడవాళ్ళను ఆడవాళ్ళే సోదా చేయాలి, అదీ తెర చాటున. మహిళా కానిస్టేబుల్ లేకుండా రాత్రి తనిఖీ మొదలుపెట్టకు. నువ్వున్నావు కదా అని సరిపెడతారు, ఒప్పుకోకు. నువ్వు సోదా చేస్తూ ఉంటే రోడ్డును ఎవరు చూస్తారు? సోదాను చూసి సాక్షులుగా సంతకం పెట్టే మధ్యవర్తుల నివేదికకు ప్రతిసారీ అదే ఇద్దరు మనుషులను తేకు. 2024 జులై 1 నుంచి పాత సీఆర్‌పీసీ స్థానంలో అమల్లోకి వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షన్ ప్రకారం సోదాను, స్వాధీనాన్ని వీడియో తీయాలి. చట్టమే మనల్ని చిత్రీకరించుకోమంటున్నప్పుడు, పక్కనున్న కుర్రవాడు ఫోను ఎత్తాడని మీదికి వెళ్ళడంలో అర్థం లేదు. పనికి అడ్డం రాకుండా కాస్త వెనక్కి నిలబడమని చెప్పు, చాలు. నౌకాదళ స్థలాల దగ్గర ఫోటోలు నిషిద్ధమన్న బోర్డులున్న చోట సంగతి వేరు. అక్కడ కూడా ముందు బోర్డు చూపించి, తరువాత మాట్లాడు.

ఎన్‌డీపీఎస్‌లోనే 58వ సెక్షన్ ఉంది. మనవాళ్ళు చాలామంది ఆ పేజీ తిప్పరు. సహేతుకమైన అనుమానం లేకుండా సోదా చేసిన అధికారికి 6 నెలల వరకు జైలు, లేదా 1,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. దాన్ని ఒక కాగితం మీద రాసి షెడ్డులో అతికించు.

ఫోను సంగతి. కుర్రవాళ్ళ ఫోనులు తీసుకుని సందేశాలు చదవడం ఈ మధ్య కొందరికి అలవాటైంది. నువ్వు చేయకు. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో చెప్పింది. ఒక మనిషి ఫోనులో వాళ్ళ అమ్మ ఆసుపత్రి కాగితాలుంటాయి, భార్యతో పడిన గొడవలుంటాయి. రోడ్డు పక్కన టార్చిలైటు వెలుగులో చదవాల్సినవి కావు. నిజంగా కేసుకు అవసరమైతే దానికో పద్ధతి ఉంది, కోర్టు ఉంది.

ఇదంతా చదివి నేను భద్రతను తేలిగ్గా తీసుకుంటున్నానని అనుకోవద్దు. మనది మామూలు ఊరు కాదు. తూర్పు నౌకాదళ ప్రధాన స్థావరం, రేవు, ఉక్కు కర్మాగారం, చమురు శుద్ధి కర్మాగారం, అన్నీ ఒకే తీరాన ఉన్నాయి. 1971 డిసెంబరులో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది మన తీరానికి కొద్ది దూరంలోనే. 2008 నవంబరు 26న ముంబైలోకి వచ్చిన పది మందీ సముద్రం మీద నుంచే వచ్చారు. అప్పటి నుంచి మన మత్స్యకారులు గుర్తింపు కార్డులు జేబులో పెట్టుకుని వేటకు వెళుతున్నారు, తమ సముద్రంలో తాము తనిఖీకి నిలబడుతున్నారు. కొత్త పడవ కనబడితే మొదట చెప్పేదీ వాళ్ళే. వాళ్ళ వలల మీద బూటు కాలు పెట్టిన రోజున ఆ కబురు ఆగిపోతుంది. కొండ మీద నేను చూసినదే ఒడ్డున కూడా జరుగుతుంది.

చిన్న విషయాలు కొన్ని. బారికేడ్‌ను మలుపు మీద, దిగుడు మీద పెట్టించకు. బరువుతో వస్తున్న లారీ ఆగలేక మనవాళ్ళ మీదికే వస్తుంది. చాలా ముందు నుంచే కనబడేలా దీపం, మెరిసే బోర్డు ఉండాలి. బైకు ముందుకు లాఠీతో దూకడం ఎప్పుడూ వద్దు. హెల్మెట్ లేనివాణ్ని కాపాడబోయి చంపిన పాపం మనకెందుకు? పారిపోతే నంబరు రాసుకో. బండి తాళం చెవి లాక్కోమన్న సెక్షన్ నేనెక్కడా చదవలేదు. ఫోనులో ప్రభుత్వ యాప్ డిజిలాకర్‌లో చూపించిన లైసెన్సు చెల్లుతుంది, కాగితమే కావాలని పట్టుబట్టకు. లైసెన్సు స్వాధీనం చేసుకోవాల్సి వస్తే రసీదు ఇవ్వకుండా పంపకు. తాగి నడిపేవాడి దగ్గర మాత్రం మెత్తబడకు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరమే, వాడు ఎవరి బంధువైనా సరే. అంబులెన్సును, కేజీహెచ్ ఆసుపత్రికి పోతున్న ఆటోను అడ్డుకోకు. అనుమానముంటే వెనక ఒక మనిషిని పంపు.

బ్యాడ్జి మీద నీ పేరు దూరం నుంచి చదవగలిగేలా ఉండాలి. అరెస్టు చేసే అధికారి పేరు స్పష్టంగా కనబడాలని 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అరెస్టు లేకపోయినా అది మంచి అలవాటు. మొదటి మాట "నమస్కారమండీ, వాహన తనిఖీ" అని ఉండాలి. చివరి మాట "ఆలస్యమైంది, ఏమీ అనుకోకండి" అని ఉండాలి. మీద పడి అరిచేవాడితో పంతానికి పోకు. హక్కులు తెలిసినవాడు ప్రశ్నిస్తే సంతోషించి జవాబు చెప్పు. నీ దగ్గర జవాబు లేదంటే అతన్ని ఆపడమే తప్పయి ఉంటుంది. చేతికి డబ్బు అందించేవాళ్ళుంటారు. నీ కింద ఉన్నవాళ్ళు తీసుకున్నా అది నువ్వు తీసుకున్నట్టే, మొదటి రాత్రే ఆ సంగతి వాళ్ళకు చెప్పు.

డ్యూటీలో చేరే ముందు నీకు రెండు రోజుల సెలవుందన్నావు. ఒక రోజు ఇంట్లో మీ అమ్మ దగ్గర ఉండు. రెండో రోజు మామూలు చీర కట్టుకుని, ఎవరికీ చెప్పకుండా, బస్సెక్కి కొండ మీద సంతకు వెళ్ళు. తిరుగు బస్సులో సంచుల మధ్య కూర్చుని రా. దారిలో బస్సు ఆపి టార్చిలైటు ముఖం మీద వేసినప్పుడు ఎలా ఉంటుందో గమనించు. సంతలో పసుపు మంచిది దొరుకుతుంది. మీ అత్తయ్యకు ఒక కిలో తీసుకురా, బేరం ఆడకు.

నీ మామయ్య